మోర్మనులు ఎవరు? వారిని గురించి మనమేమి చెప్పాలి?



ఈ నెల మా సంఘంలోని ఒక ఇంటి సంగతితో మొదలుపెడుతున్నాను. ఆ ఇంటివారిని అడిగి, వారు సరేనన్న తర్వాతే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

మా అత్తిలి చుట్టుపక్కల సార్వా కోతలు సాగుతున్న రోజులవి. ఒకనాడు తెల్లవారగానే ఒక తల్లి వచ్చి మా వరండాలో కూర్చుంది. "ఏమ్మా, ఇంత పొద్దున్నే వచ్చారు?" అని అడిగాను.

"మా అబ్బాయి టీ మానేశాడండి అయ్యగారూ" అంది.

నాకు నవ్వొచ్చింది. "మానితే మంచిదే కదమ్మా" అన్నాను. ఆమె నవ్వలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా ఇంటావిడ వచ్చి పక్కన కూర్చున్నాక అసలు సంగతి ఒక్కొక్కటిగా బయటికి వచ్చింది.

వారి అబ్బాయి డిప్లొమా చదివి నాలుగేళ్ళుగా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు తల్లి ఇచ్చిన టీ వద్దన్నాడట. ఎందుకని అడిగితే, తాను వేరే సంఘంలో మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నానని, అక్కడ టీ, కాఫీ తాగరని చెప్పాడు. ఆ సంఘం పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. లోకం వారిని మోర్మనులు అంటుంది. తండ్రి ఆనాడు మాట్లాడలేదు. కాని మొన్న ఆ కుర్రవాడు ఫోను చేసి, చనిపోయిన నాన్నమ్మ పుట్టిన తేదీ, పెళ్ళి తేదీ అడిగాడు. ఎందుకంటే, ఆమె తరఫున బాప్తిస్మం చేయించడానికట! ఆ మాటతో తండ్రి మండిపడ్డాడు. "మా అమ్మకు మళ్ళీ బాప్తిస్మమా? నువ్వు ఈ గడప తొక్కొద్దు" అని ఫోను పెట్టేశాడు.

ఆ నాన్నమ్మను నేనెరుగుదును. ఆదివారం మొదటి గంట కొట్టకముందే వచ్చి గుడిలో చాపలు పరిచేది. అక్షరం రాకపోయినా కీర్తనలు నోటికి చెప్పేది. అటువంటి తల్లికి రక్షణ లేదన్నట్టు మాట్లాడితే ఏ కొడుక్కి బాధ కలగదు?

"క్రిస్మసుకు వాడు రాడేమోనండి. రేపు పెళ్ళి వాళ్ళ దేవాలయంలోనేనట. మమ్మల్ని లోపలికి కూడా రానివ్వరట. ఉన్న ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి నేను చూడకుండా పోతానా?" అంది ఆ తల్లి.

నేను ఓదార్చి, ప్రార్థన చేసి పంపించాను. కాని ఆమె అడిగినవాటికి నా దగ్గర సరైన జవాబులు లేవు. వేదాంత పాఠశాలలో మోర్మనుల గురించి ఒక గంట పాఠం విన్నాను, అంతే. కాబట్టి ముందు నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాను.

ఈ సంఘం ఎక్కడ పుట్టింది?

అమెరికాలో వెర్మాంటు రాష్ట్రంలో 1805 డిసెంబరు 23న జోసెఫ్ స్మిత్ అనే ఆయన ఒక పేద రైతు ఇంట పుట్టాడు. ఆ కుటుంబం తర్వాత న్యూయార్కు రాష్ట్రంలోని పాల్మైరా ప్రాంతానికి వలస వెళ్ళింది. ఆ రోజుల్లో అక్కడ ఉజ్జీవ కూటాలు ఎక్కువ. మెథడిస్టులు, బాప్టిస్టులు, ప్రెస్బిటేరియనులు ఎవరికి వారు మాదే సరైన సంఘమని బోధించేవారు. పిల్లవాడైన స్మిత్‌కు ఏది నిజమో తోచలేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చదివి, జ్ఞానం కోసం దేవుణ్ణే అడగాలని 1820లో ఒక తోపులోకి వెళ్ళి ప్రార్థించానని, అక్కడ తండ్రి, కుమారుడు ఇద్దరూ కనబడి ఏ సంఘంలోనూ చేరవద్దన్నారని ఆయన తర్వాత చెప్పాడు.

1823లో మొరోనై అనే దూత కనబడి, కొండలో పాతిపెట్టిన బంగారు రేకుల సంగతి చెప్పాడని, 1827లో ఆ రేకులు తన చేతికి వచ్చాయని ఆయన చెప్పాడు. వాటిని దేవుని శక్తితో అనువదించానంటూ 1830లో అచ్చువేయించినదే మోర్మన్ గ్రంథము. క్రీస్తుకు సుమారు 600 సంవత్సరాల ముందు లేహై అనే ప్రవక్త కుటుంబంతో యెరూషలేము విడిచి అమెరికా ఖండానికి చేరాడని, ఆయన సంతతివారికి పునరుత్థానుడైన యేసు ప్రత్యక్షమయ్యాడని అందులోని కథ. రేకులను చూశామని పదకొండుమంది సంతకాలు పెట్టారు. రేకులను దూత తిరిగి తీసుకున్నాడని వారి నమ్మకం. అదే సంవత్సరం ఏప్రిల్ 6న న్యూయార్కు రాష్ట్రంలోని ఫేయెట్‌లో సంఘాన్ని స్థాపించారు.

ఆ తర్వాత వారు పడిన బాధలు కూడా మనం తెలుసుకోవాలి. 1838లో మిస్సోరీ రాష్ట్ర గవర్నరు వారిని రాష్ట్రం నుండి వెళ్ళగొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ అక్టోబరులోనే హాన్స్ మిల్ అనే చోట ఆయుధాలతో వచ్చిన గుంపు 17 మందిని చంపింది. చంపినవారూ క్రైస్తవ దేశంలోని మనుషులే! 1844 జూన్ 27న కార్తేజీ అనే ఊరి జైలులో ఉన్న స్మిత్‌నూ, ఆయన అన్న హైరమ్‌నూ ఒక మూక కాల్చి చంపింది. తర్వాత బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో వారు వందల మైళ్ళు బండ్లమీద, కాలినడకన ప్రయాణం చేసి 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయకు చేరారు. నేటికీ వారి కేంద్రం యూటా రాష్ట్రంలోని ఆ సాల్ట్ లేక్ పట్టణమే. ప్రపంచమంతటా వారి సభ్యుల సంఖ్య 1 కోటి 70 లక్షలు దాటింది.

మన తెలుగువారి మధ్యకు ఎలా వచ్చారు?

ఇది నిన్న మొన్నటి సంగతి అనుకున్నాను. కాదు. 1853లోనే రిచర్డ్ బాలంటైన్ అనే మోర్మన్ మిషనరీ మద్రాసులో దిగాడు. సాల్ట్ లేక్‌లో 1849లో మొదటి సండే స్కూలు పెట్టినవాడు ఆయనే. మద్రాసులో ఏడాదిపాటు, ఎక్కువగా ఇంగ్లీషు తెలిసినవారి మధ్య పనిచేసి తిరిగి వెళ్ళిపోయాడు. అప్పటికే మన గోదావరి డెల్టాలో, 1836లో ఇంగ్లాండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం వైపు స్థిరపడి తెలుగు నేర్చుకుని సువార్త చెబుతున్నారు. ఒకరు ఏడాదికి వెళ్ళారు, ఒకరు ఇక్కడే ఉండిపోయారు. పంట ఎక్కడ పండిందో మీకు తెలుసు. మనుషులతో కలిసి ఉండేవాడి మాటే మనుషులకు అందుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

నూట పాతికేళ్ళ తర్వాత ఆ పనిని మన తెలుగువారే మళ్ళీ మొదలుపెట్టారు. సమోవా దీవులలో ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు గారు, ఆయన భార్య ఎల్సీ గారు అక్కడ మోర్మన్ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. వారి కుటుంబాలలో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం గారు క్రైస్తవ బోధకులు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆయనకే అప్పగించారు. 1982లో ఆ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు తెలుగులో వెలువడ్డాయి. 2012 మే 27న హైదరాబాదులో వారి 'స్టేకు' ఏర్పడింది. అంటే మన డయోసిస్ లాంటి ఏర్పాటు అనుకోవచ్చు. భారతదేశంలో వారికి అదే మొదటిది. రాజమండ్రి, విశాఖపట్నాలలో కూడా వారి సంఘాలున్నాయి. బెంగుళూరులో దేవాలయం కడతామని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు.

కాబట్టి ఇది ఎక్కడో అమెరికా సంగతి కాదు. మన పక్కింటి సంగతి.

వారు ఏమి నమ్ముతారు?

యేసు రక్షకుడని, మన పాపాల కోసం చనిపోయి తిరిగి లేచాడని వారు నమ్ముతారు. ఆయన పేరుతోనే ప్రార్థిస్తారు. పరిశుద్ధ గ్రంథము చదువుతారు. ఇది విని, అయితే మనకూ వారికీ తేడా ఏముంది అని మీరు అడగవచ్చు. తేడా ఉంది, చిన్నది కాదు.

మొదటిది, దేవుని గురించి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒక్క దేవుడని మనం ఒప్పుకుంటాము. క్రీ.శ. 325లో నైసియా సభ నాటి నుండి సంఘం ఆ విశ్వాసాన్ని ప్రమాణంగా చెప్పుకుంటున్నది. వారు ఆ ముగ్గురూ ఉద్దేశంలో ఒకటే గాని ముగ్గురు వేర్వేరు వ్యక్తులని, తండ్రికి కూడా మాంసమూ ఎముకలూ గల శరీరం ఉందని నమ్ముతారు. మనం పుట్టకముందే పరలోకంలో ఆత్మలుగా ఆయన పిల్లలమై జీవించామని, నమ్మకంగా నడిచినవారు చివరకు దేవునివంటివారు కాగలరని బోధిస్తారు. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య దాటరాని భేదమున్నదని మనం నమ్ముతాము. యెషయా 43:10 చదివి చూడండి.

రెండవది, గ్రంథం గురించి. మనకు బైబిలు చాలును. వారికి బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము అనే మరో మూడు గ్రంథాలున్నాయి. అపొస్తలుల తర్వాత సంఘం దారితప్పి అధికారం పోగొట్టుకుందని, స్మిత్ ద్వారా దేవుడు దానిని పునఃస్థాపించాడని వారి మాట. మత్తయి 16:18లో తన సంఘాన్ని గురించి ప్రభువు చేసిన వాగ్దానం ఎన్నడూ తప్పిపోలేదని మన విశ్వాసం. మోర్మన్ గ్రంథంలో చెప్పిన ఆ ప్రాచీన పట్టణాలకు పురావస్తు శాస్త్రజ్ఞులు ఆధారాలు చూపలేకపోయారు. అమెరికా ఆదిమవాసుల పూర్వీకులు ప్రధానంగా ఆసియా నుండి వెళ్ళినవారని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. లేహై జనాంగమే ఆ ఆదిమవాసులకు ముఖ్య పూర్వీకులని ఆ గ్రంథపు పీఠికలో ఉండేది. తర్వాత వారే దానిని, పూర్వీకులలో ఒకరన్న అర్థం వచ్చేటట్టు మార్చుకున్నారు.

మూడవది, రక్షణ గురించి. వారూ కృపను నమ్ముతారు. అయితే పరలోకంలో మూడు మహిమ లోకాలున్నాయని, అన్నిటికంటె పైదానిలో ఉన్నత స్థితి పొందాలంటే వారి యాజకత్వం చేత బాప్తిస్మం, దేవాలయంలో చేసే నిబంధనలు, అక్కడ నిత్యత్వానికి ముడివేసే వివాహం అవసరమని బోధిస్తారు. అందుకే మనమిచ్చే బాప్తిస్మాన్ని వారు లెక్కలోకి తీసుకోరు. వారి బాప్తిస్మాన్ని మన సంఘాలూ చాలావరకు అంగీకరించవు. రోమను కతోలిక సంఘం 2001లో అధికారికంగానే అలా తీర్మానించింది. మనకైతే ఎఫెసీ 2:8, 9 వచనాలే ఆధారం. సిలువ మీద దొంగకు ఏ దేవాలయం దొరికింది? ఏ నిబంధన చేశాడు? ప్రభువు మాట ఒక్కటే వానికి చాలింది.

వారి ఇల్లు, వారి అలవాట్లు

1833లో స్మిత్ ప్రకటించిన ఒక నియమం ప్రకారం వారు సారా, పొగాకు, టీ, కాఫీ ముట్టరు. సంపాదనలో పదోవంతు ఇస్తారు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసముండి, ఆ భోజనాల ఖర్చు బీదలకు ఇస్తారు. సోమవారం సాయంత్రం కుటుంబమంతా కూర్చుని వాక్యం చదివి, పాటలు పాడి, పిల్లలతో ఆడుకుంటారు. ప్రతి ఆదివారం రొట్టె, నీళ్ళతో ప్రభువు సంస్కారం జరుపుతారు. ద్రాక్షరసం వాడరు. గుడిమీద సిలువ ఉండదు. పిల్లలకు ఎనిమిదేళ్ళు వచ్చాక ముంచి బాప్తిస్మమిస్తారు. స్థానిక సంఘాన్ని నడిపే బిషప్పుకు జీతం లేదు. తన ఉద్యోగం తాను చేసుకుంటూనే సంఘాన్ని చూసుకుంటాడు. యువకులు రెండేళ్ళు, యువతులు ఏడాదిన్నర మిషనరీలుగా వెళతారు. తెల్లచొక్కా, నల్లని పేరు బిళ్ళతో ఇద్దరిద్దరుగా తిరిగేది వారే. ఇంకొక ఏర్పాటు ఉంది. ప్రతి ఇంటినీ పలకరించి కనిపెట్టుకోవడానికి సంఘంలోని వారినే ఇద్దరేసి చొప్పున నియమిస్తారు.

నా తప్పు

ఇంతవరకు తెలుసుకున్నాక ఆ కుర్రవాడికి ఫోను చేశాను. "నాన్నా, నిన్ను తిట్టడానికి కాదు, అడిగి తెలుసుకుందామని చేశాను" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"అయ్యగారూ, రెండేళ్ళ క్రితం నాకు డెంగ్యూ వచ్చి గదిలో ఒక్కణ్ణే పడి ఉన్నాను. నాతో పనిచేసే అతను ఆ సంఘంవాడు. అతను, ఇంకొకాయన వారం రోజులు జావ తెచ్చిపెట్టారు. అప్పుడు సంఘం మాట ఎత్తలేదండి. తర్వాత నేనే అడిగాను."

నాకు నోట మాట రాలేదు. ఈ పిల్లవాడు ఊరు వదిలి వెళ్ళిన రోజున సంఘంలో నిలబెట్టి ప్రార్థన చేసి పంపించాము. ఆ తర్వాత నాలుగేళ్ళలో నేను ఒక్కసారీ ఫోను చేయలేదు. అక్కడ ఏ గుడికి వెళుతున్నాడో అడగలేదు.

అతను ఇంకో మాట అన్నాడు. "మీరు యూత్ మీటింగులో మోర్మనులు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు భార్యలను చేసుకుంటారని చెప్పారు గుర్తుందాండి? నేను అక్కడికి వెళ్ళిన మొదటి రోజే అది అడిగాను. వాళ్ళు నవ్వి, 1890లోనే మానేశామని చెప్పారు. మీరు చెప్పినదాంట్లో ఒకటి తప్పని తేలాక, మిగతావి కూడా అంతేనేమో అనుకున్నాను."

ప్రియులారా, ఆ మాట నాకు బాణంలా తగిలింది. విచారిస్తే అతను చెప్పింది నిజమే. స్మిత్ కాలంలో బహుభార్యాత్వం మొదలైంది. 1852లో బహిరంగంగా ప్రకటించారు. 1890లో వారి అధ్యక్షుడు విల్ఫర్డ్ ఉడ్రఫ్ దానిని మానివేస్తున్నట్టు ప్రకటన చేశాడు. నేడు అలా చేసుకునేవారిని సంఘం నుండి తీసేస్తారు. చీలిపోయిన కొన్ని చిన్న గుంపులు మాత్రం దానిని పట్టుకుని ఉన్నాయి. చరిత్రలో వారికి మచ్చలు లేవని కాదు. 1978 వరకు నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెబితే చాలు. లేనిది కలిపితే అది అబద్ధ సాక్ష్యం. పది ఆజ్ఞలలో అది కూడా ఉంది. మన మతంవాడు కానివాడు పొరుగువాడు కాకుండా పోతాడా?

నేను ఆ సంగతి సరిగా చెప్పి ఉంటే, త్రిత్వమును గురించి, కృపను గురించి నేను చెప్పినది కూడా ఆ కుర్రవాడి చెవికి ఎక్కేదేమో! సత్యాన్ని కాపాడాలని అసత్యం చెప్పి, సత్యానికే విలువ లేకుండా చేశాను. ఫోనులోనే అతనిని క్షమాపణ అడిగాను. మరుసటి ఆదివారం ప్రసంగానికి ముందు సంఘమంతటి ఎదుట ఆ తప్పు ఒప్పుకున్నాను.

ఇంటివారి ప్రశ్నలకు జవాబులు

తర్వాత ఆ తండ్రిని కలవడానికి కళ్ళంలోకే వెళ్ళాను. ధాన్యం ఆరబోసి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "అన్నా, అమ్మ విషయం కొంచెం వింటావా?" అని అడిగాను.

మృతుల తరఫున బాప్తిస్మం వారి దేవాలయాలలో జరుగుతుంది. బతికి ఉన్నవారొకరు చనిపోయినవారి పేరున నీళ్ళలో మునుగుతారు. సమాధి నుండి ఎవరినీ తీయరు. ఆ ఆత్మ దానిని అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు అంటారు. 1 కొరింథీ 15:29 చూపిస్తారు. అక్కడ పౌలు అలా చేసేవారి ప్రస్తావన తెచ్చాడే గాని చేయమని సంఘానికి ఆజ్ఞాపించలేదు. పునరుత్థానం నిజమని వాదించడానికి ఆ మాట వాడుకున్నాడు. హెబ్రీ 9:27 ప్రకారం మరణం తర్వాత ఉండేది తీర్పు. కాబట్టి ఈ ఆచారాన్ని మనం అంగీకరించలేము.

అయితే ఆ తండ్రికి తెలియని సంగతి ఒకటుంది. 110 సంవత్సరాల లోపు పుట్టినవారి విషయంలో బతికి ఉన్న దగ్గర బంధువు, అంటే భర్త గాని, భార్య గాని, బిడ్డ గాని, తోబుట్టువు గాని ఒప్పుకోవాలని వారి నియమం.

"అన్నా, నువ్వు ఒప్పుకోకపోతే వాడు చేయకూడదు. వాడు నిన్ను అడక్కుండా చేయలేదు. అడిగాడు. అమ్మను అవమానించాలని కాదు, నాన్నమ్మ మీద ప్రేమతోనే అడిగాడు. నువ్వు వద్దని చెప్పు. ఎందుకు వద్దో కూడా చెప్పు. కాని గడప తొక్కొద్దని మాత్రం చెప్పకు."

ఆయన చాలాసేపు ధాన్యం వైపు చూస్తూ ఊరుకున్నాడు. చివరికి, "మా అమ్మ ఎక్కడుందో నాకు తెలుసండి. ఆ సంగతి వాడికి తెలియకపోవడమే నా బాధ" అన్నాడు.

"ఆ మాటే వాడితో అను" అన్నాను.

తల్లి అడిగిన పెళ్ళి సంగతి కూడా విచారించాను. ప్రతిష్ఠ జరిగిన తర్వాత వారి దేవాలయంలోకి, వారి సంఘంవారిలో కూడా యోగ్యత పత్రం ఉన్నవారికే ప్రవేశం. కన్నతల్లి అయినా వెళ్ళలేదు. అంతవరకు ఆమె విన్నది నిజమే. కాని ముందుగా బంధువులందరి ఎదుట చట్టప్రకారం పెళ్ళి చేసుకుని, తర్వాత దేవాలయానికి వెళ్ళవచ్చు. అమెరికా వంటి దేశాలలో అలా చేసుకుంటే ఏడాది ఆగవలసి వచ్చేది. 2019 మే నెలలో ఆ నిబంధనను కూడా తీసివేశారు. "అమ్మా, పెళ్ళి మీ కళ్ళెదుటే జరగవచ్చు. అబ్బాయిని ఇప్పుడే అడిగి మాట తీసుకోండి" అని చెప్పాను. ఆమె ముఖంలో వెలుగు చూశాను.

క్రిస్మసు నాడు

ఆ కుర్రవాడు క్రిస్మసుకు వచ్చాడు. తండ్రే అత్తిలి స్టేషనుకు వెళ్ళి బండి మీద తీసుకువచ్చాడు. దారిలో ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదట. ఇంటికి వచ్చాక తండ్రి లోపలికి వెళ్ళి, వాళ్ళ అమ్మ దిండు కింద పెట్టుకుని పడుకునే బైబిలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. "చదవడం రాకపోయినా ఇది దగ్గర లేకుండా నిద్రపోయేది కాదురా. ఆవిడకు మనం చేయాల్సింది ఏమీ మిగల్లేదు. నువ్వు ఆ పని చేయొద్దు" అన్నాడు. కొడుకు తల ఊపాడు. తల్లి అతనికి టీ బదులు పాలు కాచి ఇచ్చింది.

ఆరాధనలో వెనుక వరుసలో కూర్చున్నాడు. ప్రభువు బల్ల దగ్గరకు మేము పిలవలేదు, అతనూ లేవలేదు. ఆ తేడాను ఇద్దరమూ దాచుకోలేదు. ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "త్రిత్వం గురించి మీతో మాట్లాడాలండి. నాకు కొన్ని అనుమానాలున్నాయి" అన్నాడు. అప్పటి నుండి శనివారం రాత్రి ఫోనులో మాట్లాడుకుంటున్నాము. అతను అడుగుతాడు, నేను చెబుతాను. తెలియనిది చదివి వచ్చే శనివారం చెబుతాను. అతను ఇంకా వారి సంఘంలోనే ఉన్నాడు. అంతా సుఖాంతమైందని నేను రాయలేను. తలుపు తెరిచి ఉంది. దానికి దేవునికి స్తోత్రము.

మనం చేయవలసినవి

చదువుకో, ఉద్యోగానికో పట్టణం వెళ్ళిన పిల్లల పేర్లు ప్రతి సంఘం ఒక పుస్తకంలో రాసుకోవాలి. నెలకు ఒకసారైనా ఎవరో ఒకరు ఫోను చేయాలి. అక్కడ మన సంఘంవారు ఎవరున్నారో తెలుసుకుని అప్పగించాలి. మా సంఘంలో లెక్క వేస్తే ముప్పై నలుగురు తేలారు. పెద్దలు, స్త్రీల సమాజంవారు పంచుకుని పలకరిస్తున్నారు.

మన పిల్లలకు మన విశ్వాసం నేర్పించాలి. ఎదుటివారిలో తప్పులు చెబితే చాలదు. దేవుడు త్రియేకుడని మనం ఎందుకు నమ్ముతామో పదవ తరగతి పిల్లవాడు చెప్పగలగాలి. ముందు తల్లిదండ్రులు చెప్పగలగాలి.

వేరే నమ్మకంవారి గురించి మాట్లాడేటప్పుడు వారు పక్కనే కూర్చుని వింటున్నట్టు మాట్లాడాలి. వారు విని, అవును, మేము నమ్మేది అదే అనేటట్టు చెప్పి, ఆ తర్వాత మనకు ఎందుకు సమ్మతం కాదో చెప్పాలి. 1 పేతురు 3:15లో అపొస్తలుడు జవాబు సిద్ధంగా ఉంచుకోమన్నాడు. దానిని సాత్వికంతో చెప్పమని కూడా అన్నాడు.

తెల్లచొక్కా వేసుకుని ఇద్దరు యువకులు మీ ఇంటికి వస్తే కుర్చీ వేయండి. మంచినీళ్ళివ్వండి, టీ పెట్టకండి! వారి మాట వినండి, మీ మాట చెప్పండి. మీ బైబిలు మీకు తెలిసి ఉంటే భయపడనక్కరలేదు. తెలియకపోతే తప్పు వారిది కాదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో లూకా 15వ అధ్యాయం చదువుకోండి. ఆ తండ్రి చిన్న కుమారుడు చేసినదాన్ని మంచిదనలేదు. దారివైపు చూడడం మాత్రం మానలేదు. మీ ఇంటి నుండి దూరంగా ఉన్నవారి పేర్లు ఒక్కొక్కటి చెప్పి ప్రార్థించండి. ప్రార్థన అయ్యాక లేచి వారికి ఫోను చేయండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.